డబల్ పన్నా

కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకోని మనిషిని నేనింతవరకు చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా మెడలో టేపు వేసుకుని బతుకుతున్నాను. బ్యాంకు మేనేజర్లు పీలుస్తారు, పంతులమ్మలు పీలుస్తారు, నడుం ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సిన పెద్దావిడలు కూడా పీలుస్తారు. టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి, గోడ గడియారం వైపు చూస్తూ, ఏమీ ఎరగనట్టు నిలబడతారు. వారం తర్వాత బట్టలు బిగుతయ్యాయని నా మీదకే వస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా నా కత్తెరది.

మనుషుల ఒళ్ళంటే నాకు అసహ్యం లేదు. లావైనా సన్నమైనా గుడ్డకు ఒకటే. ఆ పీల్చుకోవడమంటేనే రోత. చంకల్లో చెమట, మెడ మీద ముద్దకట్టిన పౌడరు, మధ్యలో ఆ దొంగ ఊపిరి. "వదలండి, నేను తీసేది కొలత, ఫోటో కాదు" అని రోజుకు పదిసార్లు అంటాను. నాకు నోరు కాస్త ఎక్కువ. కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది కుట్టు కోసమైతే, సగం మంది నా మాటల కోసం వస్తారని మా అక్క అంటుంది. అది మెచ్చుకోలనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

అక్క బస్‌స్టాండులో టికెట్లిచ్చే కౌంటర్లో పని చేస్తుంది. ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం సాయంత్రం డ్యూటీ. అందుకని దాని కూతురు బడి నుంచి నేరుగా నా కొట్టుకే వస్తుంది. మూడో తరగతి నుంచీ అంతే. కటింగ్ బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకునేది, పేలికలతో బొమ్మలకు గౌన్లు చుట్టేది, గుండీలను రంగుల వారీగా సీసాల్లో వేసేది. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. బల్ల కింద పట్టదు. ముందు వెడల్పాటి భుజాలు వచ్చాయి, తర్వాత గట్టి తొడలు వచ్చాయి. ఆ తొడలతోనే నాలుగు వందల మీటర్లు పరిగెత్తుతుంది. చుట్టుపక్కల బళ్ళలో దాన్ని దాటిన ఆడపిల్ల లేదు.

నెలాఖరులో స్పోర్ట్స్ హాస్టల్‌కు ఎంపిక పందెం ఉంది. మొదట వచ్చిన ఇద్దరినే తీసుకుంటారు. పదిహేను నిండితే ఇక పోటీకే రానివ్వరు, కాబట్టి దానికి ఇదే మొదలు, ఇదే ఆఖరు. పదేళ్ళ వయసు నుంచి దాని నోట ఆ హాస్టల్ మాట తప్ప ఇంకోటి లేదు.

డబల్ పన్నా అని దానికి పేరు పెట్టింది నేనే. పన్నా అంటే గుడ్డ వెడల్పు. మామూలుది సింగిల్ పన్నా, దానికి రెట్టింపు వెడల్పుది డబల్ పన్నా. పోయినేడు దాని భుజాలు ఒక్కసారిగా విచ్చుకుని, పాత చొక్కాలన్నీ చంకల దగ్గర పిగిలిపోయాయి. "నీకు సింగిల్ పన్నా చాలదే, డబల్ పన్నా కావాలి" అన్నాను. మాట బాగా కుదిరింది. అప్పటినుంచి కొట్లో అదే పిలుపు. పిలిస్తే పలికేది కూడా.

ఈ ఏడు వాళ్ళ బడి ఆటల జట్టుకు ట్రాక్ సూట్లు కుట్టే పని నాకొచ్చింది. కొలతలకు మైదానానికే వెళ్ళాను. నలభై రెండు మంది పిల్లలు. ఒక్కరూ ముందుకు రారు. పొట్టలు బిగించుకుని, ఒకరి వెనక ఒకరు నక్కుతున్నారు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు అప్పుడే ఈ పాడు బుద్ధి. నాకు వెగటు పుట్టింది. వాళ్ళ బిడియం పోగొడదామని గట్టిగా కేకేశాను.

"రావే డబల్ పన్నా. ముందు నీది తీస్తే, తానులో ఏమన్నా మిగిలితే మిగతావాళ్ళకు పంచుతాను."

మైదానం మైదానమంతా పగలబడి నవ్వింది. డ్రిల్లు సారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పిల్ల కూడా నవ్వింది. వచ్చి చేతులు చాపి నిలబడింది. నడుముకు టేపు చుట్టాను. ఊపిరి బిగబట్టింది. అంతకుముందెప్పుడూ నా దగ్గర అలా చేసిన పిల్ల కాదు.

"నువ్వు కూడానా. వదలవే" అన్నాను. వదిలింది. ఇరవై తొమ్మిది రాసుకున్నాను. "ట్రాక్ సూటు కాస్త లూజుగా కుట్టు పిన్నీ" అంది. తర్వాత మిగతావాళ్ళంతా నవ్వుకుంటూ చకచకా వచ్చేశారు. గంటలో పని తేలిపోయింది. నా నోటిని నేనే మెచ్చుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ డ్రిల్లు సారు సంగతి చెప్పాలి. ఆయన్ను చూస్తేనే నాకు ఒళ్ళు మంట. బెల్టు మీదుగా పొట్ట బయటికి వేలాడుతుంటుంది. నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ఈలను నోట్లో చప్పరిస్తూ, ఎండలో పిల్లల్ని పరిగెత్తిస్తాడు. ఆ ఈల తాడు ఎప్పుడూ ఉమ్మితో తడిసే ఉంటుంది. ఆయనకు ఎక్కడినుంచి పుట్టిందో, పిల్లల నడుములు కొలిచి ఫిట్‌నెస్ చార్టు తయారు చేయాలని బుద్ధి పుట్టింది. గురివింద గింజకు తన కిందున్న నలుపు కనపడదంటారు, ఈయన్ను చూసే అని ఉంటారు. టేపు ఒకటి పంపమని మా పిల్లతో కబురు పెట్టాడు.

నా దగ్గర రెండు టేపులున్నాయి. కొత్తది సొరుగులో, పాతది మెడలో. ఆ పాతదాని కొసన రేకు ఊడి, అంచు పీచులు లేస్తే, మొదటి రెండు అంగుళాలు ఎప్పుడో కత్తిరించి పారేశాను. అంటే అది రెండు దగ్గర మొదలవుతుంది. ఎంత చూపిస్తే అందులోంచి రెండు తీసేయాలి. నా చేతికి అది అలవాటైపోయి, ఆ తీసివేత చేస్తున్నట్టు కూడా తెలియదు. కొత్తది ఆ ఉమ్మి చేతుల్లో పెట్టడానికి మనసొప్పక పాతదే పిల్ల చేతికిచ్చాను. రెండు తీసేయమని చెప్పాలన్న సంగతే నాకు తోచలేదు.

ఆ రోజుల్లోనే పిల్లలో తేడా కనపడింది. రాగానే కుర్చీ లాక్కుని చతికిలబడేది, ఇప్పుడు నిటారుగా అంచున కూర్చుంటోంది. ఎండలో కూడా పైన జర్కిన్ విప్పదు. గుడ్లు, రొట్టె పెడితే "బళ్ళో తిన్నా" అంటుంది. ఇంట్లో అక్క అడిగితే "పిన్ని దగ్గర తిన్నా" అంటుందట. మేమిద్దరం మాట్లాడుకునేసరికి చాలా రోజులే అయ్యాయి. పరుగు కూడా మందగించింది. అరవై నాలుగు సెకన్లలో వచ్చే పిల్ల డెబ్బైకి జారింది. ఎదిగే వయసు కదా, నీరసమేమో అనుకున్నాం.

ఆ వారమే బక్రం చుట్ట తగ్గినట్టు అనిపించింది. బక్రం అంటే కాలర్లలో, నడుము పట్టీల్లో బిరుసుగా ఉండడానికి లోపల వేసే గంజి గుడ్డ. ముట్టుకుంటే గరుకుగా గీసుకుంటుంది. కొత్త హుక్కుల డబ్బా కూడా సగానికొచ్చింది. ఎలుకలు హుక్కులు తినవు గదా అనుకుని నవ్వుకున్నాను.

ఒక సాయంత్రం పిల్ల ప్రాక్టీసు నుంచి వచ్చి, పలకరించకుండా నేరుగా ట్రయల్ రూములోకి పోయింది. ట్రయల్ రూమంటే ఏముంది, మూలన ఒక తెర, ఒక అద్దం. లోపల వాంతి చేసుకున్న చప్పుడైంది. తెర తీశాను. నేల మీద పసుపుపచ్చ నీళ్ళు తప్ప ఏమీ లేవు, కడుపులో ఏదన్నా ఉంటే కదా రావడానికి. పిల్ల గోడకు ఆనుకుని, చొక్కా పైకెత్తి, పక్కనున్న హుక్కులు ఊడదీసుకుంటోంది. రొమ్ము కింద నుంచి తుంటి దాకా నా బక్రం.

అది ఊడొచ్చేసరికి వాసన గుప్పుమంది. చెమటకు గంజి కరిగి, పులిసి, గుడ్డంతా జిగటగా అయింది. చర్మం మీద బక్రం గళ్ళు గళ్ళుగా అచ్చు పడింది. అంచులు తగిలిన చోట ఎర్రగా కమిలి, నీరు కారుతోంది. ఒకచోట గుడ్డతో పాటు చర్మం కూడా లేచొచ్చింది. దాన్ని చేత్తో పట్టుకుని చూస్తే, హుక్కులు రెండు వరసల్లో, ఒక్క దారం పోగు కూడా పక్కకు పోకుండా, నేను నేర్పినట్టే కుట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచే ఇది?" అన్నాను.

"మూడు వారాలు."

"పరిగెత్తేటప్పుడు కూడానా?"

"అప్పుడే కదా అందరూ చూసేది."

"ఎవరు పెట్టారు నీ బుర్రలో ఈ చెత్త?"

ఎంతడిగినా "ఎవరూ పెట్టలేదు పిన్నీ" అనే అంది. గాయాలు కడిగి, మందు రాసి, మా ఇంట్లో పడుకోబెట్టి అక్కకు ఫోను చేశాను. "బళ్ళో ఏదో చార్టు అంటించారట కదా. పక్కింటి పిల్ల కూడా దాన్ని చూసి రెండు రోజులు ఏడ్చిందట" అంది అక్క. ఇంకేం కావాలి నాకు. తెల్లారగానే కొట్టుకు తాళం వేసి, సొరుగులోని కొత్త టేపు మెడలో వేసుకుని బడికి పోయాను.

చార్టు మంచినీళ్ళ కుళాయి పక్కనే ఉంది. దాహమేసిన ప్రతి పిల్లా చూసి తీరాలన్నమాట. పేరు, ఎత్తు, నడుము. ముప్పై అంగుళాలు, ఆ పైన ఉన్నవాళ్ళకు ఎర్ర సిరాతో చుట్టు. నలభై రెండు మందిలో పందొమ్మిది చుట్లు. మా పిల్ల ఎదురుగా ముప్పై ఒకటి. ట్రాక్ సూటుకు నేను తీసింది ఇరవై తొమ్మిది కదా అనుకున్నాను. పక్క పేరు చూశాను, దానికీ రెండే ఎక్కువ. దాని కిందదీ అంతే. అప్పుడు వెలిగింది నాకు, ఇది నా తెగిన టేపు చేసిన పని అని. ఒళ్ళంతా కంపరం పుట్టింది, దానితో పాటే ఎక్కడో సంతోషం కూడా కలిగింది. జబ్బు దొరికింది, మందు నా దగ్గరే ఉంది. రెండేసి తీసేస్తూ పోతే ఎర్ర చుట్లు మూడు మిగిలాయి. ఆ ముగ్గురి సంగతి అప్పుడు నాకు పట్టలేదు.

డ్రిల్లు సారు కుర్చీలోనే ఉన్నాడు. పిల్లలు వరసల్లో నిలబడి చేతులు ఊపుతున్నారు.

"సార్, నా టేపు మొదలెక్కడుందో చూశారా?" అన్నాను.

తీసి చూశాడు. ఈల నోట్లోంచి తీశాడు. "అరె, తెగిపోయిందే. ముందే చెప్పాల్సింది టైలరమ్మా."

"అంకెలు చదవడం రాని చేతికి ఇస్తున్నానని నాకు తెలియదు మరి. ఒక్కో పిల్లకు రెండంగుళాలు ఎక్కువ రాశారు."

"రెండంగుళాలకు ఏమవుతుందమ్మా. కాస్త భయం ఉంటేనే పిల్లలు ఒళ్ళు వంచుతారు."

నిన్న ఆ గళ్ళు పడ్డ చర్మం చూసిన కళ్ళు నావి. ఆయన పళ్ళ సందున ఇరుక్కున్న మెతుకు కూడా కనపడుతోంది నాకు. "లేవండి" అన్నాను. ఎందుకని అడుగుతూనే లేచాడు. కొత్త టేపు ఆయన నడుం చుట్టూ వేశాను. ఏం చేశాడో వేరే చెప్పాలా, పొట్ట పీల్చుకున్నాడు.

"వదలండి సార్, పిల్లలు చూస్తున్నారు. ఊపిరి ఆడక పోతారేమో" అన్నాను గట్టిగా. వరసలన్నీ ఘొల్లుమన్నాయి. నలభై నాలుగు. ఆయన బల్ల మీది ఎర్ర పెన్ను తీసుకుని, పోయి చార్టు అడుగున రాశాను, డ్రిల్లు సారు, నలభై నాలుగు, చుట్టు. తర్వాత చార్టు చించి ఉండ చుట్టి ఆయన కుర్చీలో పడేశాను. ఆయన మొహం మాడిపోయింది. నా ప్రాణం చల్లబడింది. గేటు దాటేదాకా నా వెనక పిల్లల నవ్వులు వినపడుతూనే ఉన్నాయి.

ఇంటికి వస్తూ దారిలో రొట్టె, అరటిపళ్ళు కొన్నాను. పిల్ల మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. జరిగిందంతా నటిస్తూ మరీ చెప్పాను. సారు పొట్ట పీల్చుకున్నది కూడా చేసి చూపించాను. నవ్వుతుందనుకున్నాను.

"కాబట్టి నువ్వు ముప్పై ఒకటి కాదు తల్లీ, ఇరవై తొమ్మిది. ఆ ఎర్ర చుట్టు నీది కానే కాదు. టేపు తప్పు. లేచి తిను."

"తెలుసు పిన్నీ" అంది.

"ఏం తెలుసు?"

"రెండు తీసేయాలని. ఆ టేపు కత్తిరించిన రోజు బల్ల కింద నేనే ఉన్నాగా. ఆ ముక్క బొమ్మకు బెల్టు పెట్టా. సార్‌కి కూడా చెప్పా, రెండు తీసేయాలి సార్ అని. తగ్గాలంటే తిండి తగ్గించు, టేపు కాదు అన్నారు. సర్లే అని ఊరుకున్నా. నాదెంతో నాకు తెలుసు కదా."

"తెలిసి కూడా ఎందుకే, ఒళ్ళంతా హూనం చేసుకుని?"

గోడ వైపు తిరిగింది. "చార్టు పెట్టి పది రోజులే అయింది పిన్నీ."

అది కట్టుకుంటున్నది మూడు వారాలనుంచి. నేను వేళ్ళు మడిచి లెక్కేశాను. చార్టు పెట్టిన రోజు నుంచి ఇంకో పదకొండు రోజులు వెనక్కి పోతే, నేను మైదానంలో ట్రాక్ సూట్ల కొలతలు తీసిన రోజు వచ్చింది. వేలు మడిచింది మడిచినట్టే ఉండిపోయింది.

"కొట్లో అంటే నాకేం అనిపించేది కాదు" అంది పిల్ల గోడతోనే. "గుడ్డ పేరే కదా. గ్రౌండులో అన్నావు. ఇప్పుడు నా పేరు ఎవరికీ గుర్తు లేదు. హాజరు వేసేటప్పుడు కూడా సార్ అదే పిలుస్తున్నారు. చిన్న క్లాసు పిల్లలు కూడా అదే అంటున్నారు. గ్రౌండు చుట్టూ పరిగెత్తేటప్పుడు పొట్ట ఊగుతోందేమో, తొడలు ఊగుతున్నాయేమో అనే ఉంటుంది, ఇంకేం తోచదు. అందుకని గట్టిగా కట్టుకున్నా."

"నేను ముద్దుగా అన్నానే."

"అందరూ ముద్దుగానే అంటున్నారు పిన్నీ."

నేను లేచి పోయి నోరు పుక్కిలించాను. ఎందుకో నాకే తెలియదు. నాలుక మీద ఏదో పులిసిన రుచి. ఆ బక్రం వాసన నా నోట్లోంచే వస్తున్నట్టు అనిపించింది. ఇందాక పిల్లల ముందు ఆ లావుపాటి మనిషి చుట్టూ టేపు తిప్పి నవ్వించింది కూడా ఈ నోరే. మళ్ళీ పుక్కిలించాను. నా మీద నాకు పుట్టినంత అసహ్యం ఆ సారు మీద కూడా పుట్టలేదు.

సాయంత్రం అక్కకు మొత్తం చెప్పాను, నా మాటతో సహా. అది తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అందరికీ కుడతావు, నీ నోటికి కూడా ఒక కుట్టు వేసుకోవే" అంది. ఈసారి అది నవ్వులకు అనలేదు.

ఎంపికకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అక్క సెలవు పెట్టింది. నేను బక్రం చుట్ట మొత్తం అటక మీద పడేశాను. పిల్ల మొదట పిల్లిలా మూతి పెట్టి వదిలేసేది, తర్వాత మెల్లగా తినడం మొదలుపెట్టింది. గాయాలు మానాయి. మూడు రోజుల ముందు మైదానంలో అక్క చేతిలో గడియారం పెట్టుకుని చూస్తే అరవై ఐదు సెకన్లు వచ్చింది. పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, "సరిపోతుందిగా పిన్నీ" అంది. ఇన్నాళ్ళలో దాని మొహం మీద మొదటిసారి నవ్వు చూశాను. ఈ రోజుల్లో నేను దాన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. ఆ పేరు వద్దు, అసలు పేరు నా నోటికి రావడం లేదు. "ఇదిగో", "చూడు" అంటూ నెట్టుకొచ్చాను.

ఎంపిక రోజున బడి పిల్లలంతా బస్సులో వచ్చారు. నేను కుట్టిన ట్రాక్ సూట్లలో మెట్ల మీద రెండు వరసలు నిండాయి. డ్రిల్లు సారు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. మా పిల్ల ట్రాక్ సూటు జర్కిన్ విప్పి నా చేతికిచ్చి, నిక్కరూ చొక్కాతో గీత మీదకు పోయింది. ఎనిమిది మంది. తుపాకీ పేలింది.

మొదటి మలుపులో నాలుగోది. రెండు వందల దగ్గర రెండోది. మూడో మలుపు తిరిగేసరికి ముందుకొచ్చేసింది. ఏ కట్టూ లేని ఒళ్ళు, దాని తొడలు నేలను తంతున్నాయి. అక్క నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దించింది. ఇక ఎనభై మీటర్లు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద పిల్లలంతా లేచి నిలబడ్డారు. మా పిల్ల గెలుస్తోందన్న సంతోషం పట్టలేక, చప్పట్లతో తాళం వేస్తూ ఒక్క గొంతుతో మొదలుపెట్టారు.

"డబల్ పన్నా, డబల్ పన్నా, డబల్ పన్నా."

పిల్ల కుడి చెయ్యి ఊపు తప్పింది. కిందకు వచ్చి, చొక్కా అంచు పట్టుకుని, పొట్ట మీదకు లాక్కుంది. ఒక్కసారి కాదు, రెండోసారి కూడా. చేతులు ఆడకపోతే కాళ్ళు ఆడవు. పక్క లైన్ల నుంచి ఇద్దరు దాన్ని దాటిపోయారు. మూడోదిగా గీత దాటింది.

మెట్ల మీద వాళ్ళు ఇంకా అరుస్తూనే ఉన్నారు. నేను వాళ్ళ మీదకు లేచాను. "ఆపండి" అని అరవడానికి నోరు తెరిచాను. ఎవరిని ఆపను. వాళ్ళు అంటున్నది నా మాటే.

పిల్ల నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు. చొక్కా అంచు పిడికిట్లోనే ఉంది. నా చేతిలోని జర్కిన్ తీసుకుని తొడుక్కుని, గడ్డం దాకా జిప్పు లాక్కుంది. కావాలని లూజుగా కుట్టించుకున్నది.

"వాళ్ళు నన్ను గెలిపించాలనే అరిచారు పిన్నీ. తిట్టకు వాళ్ళని" అంది.

అని, తల వంచుకుని గేటు వైపు నడిచింది. అక్క దాని వెనక పరిగెత్తింది. దాని అసలు పేరు పెట్టి పిలిచాను, పుట్టినప్పుడు వాళ్ళమ్మ పెట్టిన పేరు. గొంతు చించుకుని రెండుసార్లు పిలిచాను.

అది వెనక్కి తిరగలేదు. ఇంకెవరినో పిలుస్తున్నారనుకుంది.